మన కవులు బాల్యం రాసుకోలేదు, తాతల పేర్లు రాసుకున్నారు

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కందుకూరు బడిలో తెలుగు చెప్పే మీరు నెల్లూరు, ప్రకాశం జిల్లాల కవుల, సాధువుల చిన్ననాటి విశేషాలతో పిల్లలకు నలభై పేజీల పుస్తకం వేయాలనుకుంటున్నారు. వెతికిన చోటల్లా ఒక్కొక్కరి గురించి ఒక్కో కథ కనిపిస్తోంది. ఏది నమ్మాలి, ఎవరిని ఏ జిల్లాలో చేర్చాలి అని అడిగారు. కావలిలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి దిగిపోయినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సావనీరుకు మొల్ల మీద వ్యాసం రాశాను. తండ్రి కుమ్మరి సారె తిప్పుతుంటే చిన్నారి మొల్ల పక్కన కూర్చుని, ఆ చక్రం తిరిగే లయకు పద్యాలు అల్లేదని ఎంతో రసవత్తరంగా రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం సావనీరు చేత్తో పట్టుకుని మా ఇంటికే వచ్చి, 'సారె సంగతి ఆమె ఏ పద్యంలో చెప్పింది నాయనా?' అని మెల్లగా అడిగారు. ఆ రాత్రి మొల్ల రామాయణం పీఠిక మళ్లీ చదివాను. సారె లేదు, కుండ లేదు. తాను కుమ్మరి ఇంటి పిల్లనన్న మాట కూడా ఆమె ఎక్కడా చెప్పుకోలేదు. అది లోకం చెప్పుకునే మాట, తరతరాలుగా వస్తున్న మాట. అబద్ధమని నేను అనను, కానీ ఆమె నోటి మాట కాదు. ఆ తేడా తెలియకుండానే అంతకుముందు క్లాసులో పాఠం చెప్పేశాను.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, మన పాత కవులకు బాల్యం చెప్పుకునే అలవాటే లేదు. కావ్యం మొదట అవతారిక ఉంటుంది. అందులో ఇష్టదేవతా స్తుతి, పూర్వకవుల స్తుతి, కృతి పుచ్చుకునే వాడి వంశం, కవి వంశం, ఒక కల, చివర కృతి పుచ్చుకునే వాడికి అంకితమంటూ చెప్పే షష్ఠ్యంతాలు వస్తాయి. పలక పట్టిన రోజు, గురువు వేసిన మొట్టికాయ, దొంగిలించిన మామిడికాయ వీటిలో ఎక్కడా ఇమడవు. కవుల జీవితాలను విడిగా చెప్పాలన్న ఆసక్తి పంతొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. కావలి వెంకట రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో అచ్చువేశారు. (ఇంటిపేరు చూసి మా ఊరి వాడని సంబరపడకండి, నేనొకసారి పడ్డాను. వాళ్లది ఏలూరు.) తర్వాత వీరేశలింగం వంటివారు కవుల చరిత్రలు రాశారు. అప్పటికి ఊళ్లలో తిరుగుతున్న చాటువులూ కథలూ ఆ పుస్తకాల్లోకి ఎక్కాయి. వాటిలోంచి పాఠ్యపుస్తకాల్లోకి, ఇప్పుడు ఫోన్లలోకి దిగాయి. 'అయిదో ఏటనే ఆశువుగా పద్యం చెప్పాడు' అనే వాక్యం ఎవరి గురించి కనిపించినా అనుమానించండి. పెద్దవాడయ్యాక వచ్చిన కీర్తిని వెనక్కి తీసుకెళ్లి ఉయ్యాలలో పడుకోబెట్టడం అది.

బాల్యం దొరక్కపోయినా, అంతకంటే మంచిది ఒకటి దొరుకుతుంది. తాతలు దొరుకుతారు. ఈ అవతారికలు వరుసగా చదివితే నాకు కనిపించింది అదే.

తిక్కనను చూడండి. ఆయన మొదటి కావ్యం నిర్వచనోత్తర రామాయణం. నెల్లూరును ఏలిన మనుమసిద్ధికి అంకితం. భారతం ఇంకా చేతపట్టలేదు, కవిబ్రహ్మ అన్న పేరు ఇంకా రాలేదు. అప్పుడాయన ఏమంటాడంటే: సారకవితాభిరాముడు, గుంటూరి విభుడు, మా తాత మంత్రి భాస్కరుణ్ణి తలచుకుని అయినా లోకం నా కృతిని ఆదరిస్తుంది, ఇక దాని గుణాలు వేరే చెప్పడమెందుకు, అని. కొత్తగా కలం పట్టిన మనవడు తాత పేరు అడ్డుపెట్టుకుని సభలోకి అడుగుపెడుతున్న దృశ్యం ఇది. పిల్లలకు ఇంతకంటే చక్కని 'చిన్ననాటి తిక్కన' ఎక్కడ దొరుకుతాడు? ఆ కావ్యంలోనే మనుమసిద్ధి ఆయన్ను మామ అని పిలిచే చనువు కూడా ఉంది. నిన్ను మామా అని పిలుస్తున్నందుకు నీ భారతీకన్యకను నాకివ్వు అని రాజు అడుగుతాడు. అడిగింది కావ్యాన్ని, వరస కలిపింది ఇంటి మాటతో. పిల్లలు నవ్వుతారు, గుర్తుపెట్టుకుంటారు కూడా.

తర్వాత విరాటపర్వం మొదట్లో తండ్రి వస్తాడు. గౌతమ గోత్రుడు, భాస్కరమంత్రి కొడుకు, అన్నమాంబ భర్త, కేతన మల్లన సిద్ధనలకు ముద్దుల తమ్ముడు కొమ్మన దండనాథుడు కలలో కనిపించి హరిహరనాథుడి అనుగ్రహం కొడుక్కు చెబుతాడు. తల్లి పేరు, తండ్రి పేరు, పెదనాన్నల పేర్లు, గోత్రం అన్నీ ఆయన చెప్పినవే. ఇక్కడ తప్పు రాసే అవకాశమే లేదు, అయినా తప్పులు చూస్తుంటాం. తిక్కన బతికుండగానే కేతన అనే కవి (ఆ పెదనాన్న కేతన కాదు) తన దశకుమార చరిత్రను ఆయనకు అంకితమిచ్చి ఆ వంశాన్ని వర్ణించాడు. అది మనకు రెండో సాక్ష్యం.

కవి తిక్కనకు పెదనాన్న కొడుకైన ఖడ్గ తిక్కన కథ మీరు అడగలేదు కానీ పిల్లలు తప్పకుండా అడుగుతారు. యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే భార్య మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద, నీళ్లు పెట్టిందనీ, తల్లి విరిగిన పాలు వడ్డించిందనీ చెప్పే కథ. వేసుకోండి. మన సీమలో ఆ కథ లేని పుస్తకం ఉప్పు లేని పప్పే. కాకపోతే 'అని చెప్పుకుంటారు' అన్న మాట వాక్యంలోనే ఉండాలి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

ఇప్పుడు మీ పక్క ఊరికే వద్దాం. ఎర్రన పేరుతో ముడిపడిన గుడ్లూరు మీకు ఎంత దగ్గర! ఆయన నృసింహపురాణం తెరిచి చూడండి. శ్రీవత్స గోత్రం, తండ్రి సూరన, తల్లి పోతమాంబ, గురువు శంకరస్వామి. ఈసారి కలలో వచ్చింది తండ్రి కాదు, తాత ఎర్రపోతన. తాత వచ్చి మనవణ్ణి దీవించి, నరసింహుడి కథ రాయమంటాడు. తిక్కన మొదటి కావ్యానికి తాత పేరు తోడు తెచ్చుకుంటే, ఇక్కడ తాత తానే కలలోకి నడిచి వచ్చాడు. తాత పేరే మనవడికి పెట్టడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్న ఆచారమే కదా. ఎర్రపోతన మనవడు ఎర్రన. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, క్లాసులో సగం మంది 'మా ఇంట్లో కూడా అంతే సార్' అంటారు.

ఎర్రన పెద్దయ్యాక అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉండి రామాయణం, హరివంశం ఆ రాజుకే ఇచ్చాడు. రామాయణం మనకు దక్కలేదు. అరణ్యపర్వంలో నన్నయ వదిలిన భాగాన్ని పూర్తిచేస్తూ, ఆ గొప్పంతా నన్నయకూ రాజరాజుకూ వదిలేశాడు. కుర్రవాడిగా ఎలా ఉండేవాడో తెలియదు కానీ మనిషి స్వభావం ఇక్కడ తెలుస్తుంది. నాకు కవిత్రయంలో ఈయన మీదే ప్రేమ ఎక్కువ. అది నా పక్షపాతం, మీ పుస్తకంలో పెట్టనక్కర్లేదు.

శ్రీనాథుడి ఊరు ఏదన్న తగాదాలోకి మాత్రం దిగకండి. తాత కమలనాభామాత్యుణ్ణి 'మా యనుగుం దాత' అని ముద్దుగా తలచుకుని, సముద్రతీరంలోని కాల్పట్టణానికి ప్రభువని చెప్పాడు. ఆ కాల్పట్టణం ఎక్కడన్నది పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. తీరం పొడుగునా ఉన్న వాళ్లంతా మాదంటే మాదంటారు. మీ పుస్తకంలో శ్రీనాథుణ్ణి ఊరి కోసం కాదు, ఒక సీసపద్యం కోసం చేర్చాలి. కాశీఖండంలో తన వయసును తన పుస్తకాలతో కొలిచి చెప్పాడు. చిన్నారి పొన్నారి చిరుత కూకటి నాడు మరుత్తరాట్చరిత్ర, నూనూగు మీసాల నూత్న యౌవనంలో శాలివాహన సప్తశతి, నిండు జవ్వనంలో నైషధం. పాత తెలుగు కవి ఒకడు తన బాల్యం గురించి నోరు విప్పిన అరుదైన చోటు ఇది. కూకటి అంటే పిల్లల జుట్టు ముడి. ఆ వయసులోనే కావ్యం రాశానంటున్నాడు. అతిశయోక్తి కొంత ఉండవచ్చు, శ్రీనాథుడు కదా! అయినా అన్నది ఆయనే కాబట్టి మనం ధైర్యంగా రాయవచ్చు. విచిత్రమేమిటంటే ఆ కూకటి నాటి పుస్తకమూ లేదు, మీసాల నాటి పుస్తకమూ చేతికి రాలేదు. నిండు జవ్వనం నుంచే మనకు మిగిలింది.

మొల్ల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ తాతల వరుస ఆమె దగ్గర తెగిపోతుంది. తాత పేరు లేదు, తల్లి పేరు లేదు. ఆతుకూరి కేసన కూతుర్ని అంటుంది. ఆ తండ్రి గురులింగ జంగమార్చన చేసేవాడు, శివభక్తుడు, బంధువుల మేలు కోరేవాడు. ఇక చదువు సంగతికి వస్తే, దేశి పదాలు, సంధులు, శబ్దాలు, ఇలా నాకు రానివి ఇవీ అని ఒక పట్టిక చదివి, గోపవరపు శ్రీకంఠమల్లేశుడి వరంతో కవిత్వం చెప్పడం నేర్చుకున్నానంటుంది. రాజాస్థానం వెనకలేని మనిషి, దండనాథుడైన తాత లేని మనిషి, సభలోకి ఎవరి చేయి పట్టుకుని వచ్చిందో చూడండి. ఊరి దేవుడి చేయి. రానివి ఇవీ అన్న ఆ పద్యాన్ని ఇంత వరుసగా, ఇంత కొలతగా చెప్పడానికి ఎంత వచ్చి ఉండాలో కూడా పిల్లలను ఆలోచించమనండి. గోపవరం పేరుతో ఒకటికి మించి ఊళ్లున్నాయి. నెల్లూరు వాళ్లూ కడప వాళ్లూ ఆమెను పంచుకోలేక కొట్టుకుంటున్నారు. మీరు రెండు మాటలూ ఒకే వాక్యంలో పెట్టి ముందుకు సాగండి.

జిల్లాల లెక్క అడిగారు కదా. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి 1970లో ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మీ కందుకూరు, గుడ్లూరు నెల్లూరుకూ అద్దంకి బాపట్లకూ వెళ్లాయి. ప్రభుత్వం గీత జరిపినప్పుడల్లా ఎర్రన చిరునామా మార్చుకుంటూ పోతామా? ఊరి పేరు రాయండి. జిల్లా పేరు కావాలంటే అచ్చు వేసే నాటి జిల్లా ఫలానా అని ముందుమాటలో ఒక్కసారి చెప్పి వదిలేయండి.

త్యాగరాజును వదిలేయకండి. ఆయన ఇక్కడ పుట్టలేదు, 1767లో తిరువారూరులో పుట్టాడు. కానీ ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల ఇప్పటి అర్ధవీడు మండలంలో కంభం దగ్గరి పల్లె. పూర్వీకులు ఎప్పుడో తమిళదేశం వెళ్లిపోతే ఊరి పేరు మాత్రం ఇంటిపేరై వెంట నడిచింది. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. 'సీతమ్మ మాయమ్మ, శ్రీరాముడు మాకు తండ్రి' అని పాడితే కన్నవాళ్ల పేర్లూ దేవుళ్ల పేర్లూ ఒకటైపోయాయి. ఇక్కడ కూడా తాత ఉన్నాడు, గిరిరాజకవి. 'గిరిరాజసుతా తనయ' అన్న వినాయకుడి కీర్తనలో ఆ తాత పేరు కూడా మోగుతుందని సంగీతజ్ఞులు చెబుతారు. అది పెద్దలు చేసిన వ్యాఖ్యానం, ఆయన చెప్పింది కాదు. అయినా నాకు ఇష్టమే. అలాగే శ్యామశాస్త్రి పూర్వీకులదీ కంభం ప్రాంతమేనంటారు. కంభం చెరువు చూసిన పిల్లలకు ఈ సంగతి చెబితే తిరువయ్యారు మరీ దూరంగా అనిపించదు.

ఇక అచ్చు యుగం. ఇక్కడి నుంచి మీ పని తేలిక. మీ కందుకూరు దగ్గరి ఓగూరులో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు గురించి బడిలో ఎవరైనా విన్నారా? మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా పనిచేసి, తన జీవితాన్ని ఇంగ్లీషులో తానే రాసుకున్నాడు. ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1873లో కొడుకు దాన్ని అచ్చువేయించాడు. మన దేశంలో ఇంగ్లీషులో వచ్చిన తొలి స్వీయచరిత్రల్లో అదొకటి. కవీ కాదు, సాధువూ కాదు. అయినా మొదటి పేజీ ఆయనకు ఇవ్వమంటాను. తన చిన్ననాటిని తానే చెప్పుకోవాలన్న ఆలోచన ఈ నేల మీద ఎవరికి ముందు వచ్చిందో పిల్లలకు తెలియాలి.

అదే దారిలో టంగుటూరి ప్రకాశం. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లి చదివించాడు. నాటకాల్లో ఆడవేషాలు వేయడం, అల్లరిమూకలతో తిరగడం, అన్నీ 'నా జీవిత యాత్ర'లో దాచకుండా చెప్పాడు. ఆంధ్రకేసరి చిన్నప్పుడు ఆకతాయి అని ఆయనే ఒప్పుకున్నాక మనం మరీ బుద్ధిమంతుణ్ణి చేయడం ఎందుకు? ఇక్కడ తాత లేడు, పూటకూళ్లమ్మ అయిన తల్లి ఉంది.

సాధువుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. గొలగమూడి వెంకయ్యస్వామి నాగులవెల్లటూరులో రైతు కుటుంబంలో పుట్టాడు. 1982లో గొలగమూడిలో సమాధి అయ్యాడు. యువకుడిగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి, ఆ తర్వాత ఇల్లు విడిచి తిరుగుతుంటే ఊళ్లో వాళ్లు పిచ్చి వెంకయ్య అన్నారని భక్తుల చరిత్రలు చెబుతాయి. సీతారామపురం వైపు బెడుసుపల్లిలో పుట్టి, ఎక్కడికి వెళ్తే అక్కడ అన్నదానం నిలబెట్టిన కాశినాయన 1995లో కన్నుమూశాడు. ఇద్దరి చరిత్రలూ భక్తులు రాసినవే. వాటిలో మహిమలు ఉంటాయి, ఉండాలి కూడా, అవి భక్తుల పుస్తకాలు. మీది బడి పుస్తకం. మీకున్న పెద్ద వరం ఏమిటంటే వీళ్లను కళ్లారా చూసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. తిక్కన కాలానికి ఆ అవకాశం లేదు. పిల్లలను పంపి, స్వామి ఏం తినేవాడు, ఎలా పలకరించేవాడు అని అడిగి రాసుకు రమ్మనండి. 'ఏం మహిమ చూశారు' అని మాత్రం మొదటి ప్రశ్నగా అడగవద్దు. అలా అడిగితే ఇక మిగిలిన కబురేదీ బయటికి రాదు.

మీ జాబితాలో ఒక పేరు లేదు, చేర్చండి. యెర్రగుంట్ల పేరయ్య. పడమటి పల్లె తాళ్లకొండపాడు మాదిగవాడకు చెందినవాడు, తోళ్ల వ్యాపారం. క్రైస్తవం తీసుకోకముందు రాజయోగ సాధన చేసినవాడు. 1866 ప్రాంతంలో ఒంగోలు బాప్టిస్టు మిషనులో చేరి, ఊరూరా తిరిగి చెప్పాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన మిషనరీ క్లౌ దొర పేరు అందరికీ తెలుసు, ఆ జనాన్ని కూడగట్టిన దారి వేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. పేరయ్య వంటివారు చెప్పిన పూర్వకథలను క్లౌ గారి భార్య ఎమ్మా విని, 1899లో పుస్తకంగా ఇంగ్లీషులో తెచ్చింది. చెప్పులు కుట్టే ఇళ్లలో పిల్లలు ఎలా పెరిగారో, ఏ గురువుల దగ్గర ఏ మంత్రం విన్నారో అంత దగ్గరగా చెప్పిన పాత పుస్తకం మన ప్రాంతం మీద నేను మరొకటి చదవలేదు. విన్నది దొరసాని కాబట్టి ఆమె చూపు కొంత కలిసే ఉంటుంది, అది మరచిపోకుండా చదవండి.

ఆధునికులు మీకు తెలిసినవాళ్లే, త్వరగా ముగిస్తాను. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు గోత్రం పేరునే కలం పేరు చేసుకుని ఆత్రేయ అయ్యాడు. తాత ముత్తాతలను దాటి ఏకంగా గోత్రఋషి దాకా వెళ్లాడు. దువ్వూరి రామిరెడ్డి సేద్యం చేస్తూనే పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యామును తెలుగు చేశాడు. ఇక 1919లో నెల్లూరులో పుట్టిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. ఇరవై ఏళ్లకు, 1939లో, 'ఫిడేలు రాగాల డజన్' తెచ్చాడు. తన వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానన్నాడు. తాత పేరు చూసి నన్ను ఆదరించండి అని తిక్కన మొదటి కావ్యం వినిపించిన ఊళ్లోనే, ఆ తాతల పద్యాల మీద కర్ర ఎత్తిన కుర్రవాడు. ఈ ఇద్దరినీ ఎదురెదురు పేజీల్లో వేయండి, మీరు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

పుస్తకం కట్టే పద్ధతి అడిగారు. ప్రతి మనిషికీ మూడు రకాల వాక్యాలు వాడండి: 'తానే చెప్పుకున్నాడు', 'దగ్గరివాళ్లు రాశారు', 'జనం చెప్పుకుంటారు'. పిల్లలు ఈ మూడింటినీ మనకంటే బాగా విడదీస్తారు. ఇంట్లో రోజూ చేసే పనే కదా. ఒక ఏడు నేను ఇంటర్ పిల్లలను ముత్తాత పేరు రాయమన్నాను. చాలామంది ఖాళీ కాగితం ఇచ్చారు. ఒక అమ్మాయి మాత్రం ముత్తాత పేరు రాసి, పక్కనే 'నాయనమ్మ చెప్పింది, నేను చూడలేదు' అని కూడా రాసింది. ఆ అమ్మాయి రాసిన పద్ధతే మీకు చెబుతున్నాను.

బొమ్మలు వేయించే ముందు ఒక మాట చెప్పండి. ప్రూఫులు వచ్చాక నాకు పంపితే ఎర్ర సిరా పెన్నుతో కూర్చుంటాను. మొల్ల పేజీ ముందు చూస్తాను, అక్కడ సారె కనిపిస్తే మీకు ఫోను వస్తుంది.